నల్లరేగడిలో నిలిచిన పార్కింగ్: ఏడాది వాడాక నా అభిప్రాయం

కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు మాకు చిన్న కాంప్లెక్సు ఉంది. కింద మందుల దుకాణం, బట్టల కొట్టు, టిఫిన్ సెంటర్, పైన ట్యూషన్లు. ముందున్న 60 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు జాగాలో పార్కింగ్ వేయించి ఏడాది దాటింది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాకే రాస్తున్నాను. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను.

అంతకు ముందు ఇదే జాగాలో ఒకసారి దెబ్బతిన్నాం. ఒకాయన మట్టి మీద కాస్త కంకర చల్లి, నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి వెళ్లారు. రెండో వేసవికల్లా పలకలు విడిపోయి, ఒకటి లేచి ఒకటి కుంగింది. మాది నల్లరేగడి, తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే మట్టి. మే నెలలో నెర్రెలిచ్చిన చోట చెయ్యి దూరుతుంది. అలాంటి నేలను కదపకుండా పైన ఏం పోసినా డబ్బు దండగే.

ఈసారి వచ్చిన కాంట్రాక్టరు ధర చెప్పకముందే మట్టి అడిగారు. పని ఆయనకే ఇవ్వాలని నేను అక్కడే నిశ్చయించుకున్నాను. రెండు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేశారు. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో మట్టిని ఉబ్బించని కిరోసిన్ పోసి మందుల దుకాణం బల్ల మీద ఉంచారు. మరునాడు చూస్తే కిరోసిన్‌లో మట్టి 10 గీత దగ్గరే ఉంది, నీళ్లలోది 18 దాకా పొంగింది. "అన్నా, ఈ తేడా 80 శాతం. 50 దాటిన మట్టిని రోడ్డు కట్టకు ఒప్పుకోరు. దీన్ని తీసేయాల్సిందే" అన్నారు.

28 అంగుళాలు తవ్వించారు. అడుగున ఆరేసి అంగుళాల చొప్పున రెండు వరసలు ఎర్ర గ్రావెల్, దాని మీద ఆరు అంగుళాల కంకర గ్రావెల్, ఆపైన ఆరు అంగుళాల వెట్ మిక్స్, అంటే కంకర, రాతిపొడి నీళ్లతో కలిపిన మిశ్రమం. ప్రతి వరసకూ నీళ్లు పట్టించి రోలర్ తిప్పారు. గ్రావెల్‌ను పిడికిట బిగిస్తే ముద్ద నిలవాలి, అరచేతికి మాత్రం తడి అంటకూడదు. ఆ తడి కుదిరేదాకా రోలర్‌ను కదలనివ్వలేదు. తర్వాత నిండు టిప్పర్‌ను మనిషి నడక వేగంతో నడిపించి, ఆయన పక్కనే వంగి చక్రాన్ని చూస్తూ నడిచారు. పాత కుళాయి ఉన్న మూలలో నేల దిండులా అణిగి లేచింది. అంతవరకు మళ్లీ తవ్వి, తడిమట్టి ఎత్తించి, కొత్త గ్రావెల్ నింపారు. నేను అడిగి చేయించిన పని కాదది.

పక్కవాళ్లు కడప బండలు చాలన్నారు. ఇంట్లోకి అవంటే నాకూ ఇష్టమే, కానీ కారు చక్రం కింద పలుచటి బండ విరుగుతుంది. మేం 80 మిల్లీమీటర్ల మందం, ఎం-40 గ్రేడు (కాంక్రీటు గట్టిదనం కొలత) పేవర్ బ్లాకులు వేయించాం. కింద పరుపుకు క్వారీ డస్ట్ (కంకర కొట్టగా మిగిలే పొడి) వద్దని, అందులోని మెత్తటి పొడి నీళ్లు పట్టి ఉంచుతుందని చెప్పి, గరుకు ఇసుకే 30 మిల్లీమీటర్లు పరిచారు. కాలువ వైపు 50 అడుగులకు అడుగు వాలు ఇచ్చారు. మొన్నటి ఆగస్టు వానలకు ఎక్కడా నీళ్లు నిలవలేదు.

ఇక లోపాలు. 20 రోజులన్న పని 31 రోజులు పట్టింది, ఆ నెలంతా టిఫిన్ సెంటర్ వాళ్ల వ్యాపారం సగానికి పడిపోయింది. తవ్విన మట్టి నలభై టిప్పర్ల దాకా తేలింది, దాన్ని తరలించే ఖర్చు కొటేషన్‌లో లేదు. గట్టిగా వాదిస్తే సగం ఆయన భరించారు. అక్టోబరులో మ్యాన్‌హోల్ చుట్టూ తొమ్మిది బ్లాకులు అర అంగుళం కుంగాయి. ఫోను చేసిన ఆరో రోజుకు వచ్చి, బ్లాకులు ఎత్తి, అంచు కాంక్రీటు సన్నగా పడిందని తామే ఒప్పుకొని, పైసా అడగకుండా సరిచేశారు. బ్లాకుల సందుల్లోని ఇసుక పైపు నీళ్లకు కొట్టుకుపోతుందని మాత్రం ముందుగా చెప్పలేదు. టిఫిన్ సెంటర్ వాళ్లు రోజూ కడుగుతారు కాబట్టి, ఇప్పుడు మూడు నెలలకోసారి సన్న ఇసుక చల్లి చీపురుతో ఊడ్పిస్తున్నాను.

వెనక వైపు బైకుల జాగా కూడా ఆయనకే ఇస్తున్నాను. ఈసారి కొటేషన్‌లో మొదటి వరసలోనే మట్టి తరలింపు ఖర్చు రాయించుకున్నాను.