కొలతలా, చెవులా: ఆడియో పరికరం కొనేటప్పుడు దేన్ని నమ్మడం మేలు?

డాక్ (డీఏసీ, డిజిటల్ పాటను ఆంప్‌కు పనికొచ్చే విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పరికరం) కొనేవాళ్లకు ఒక మాట, హెడ్‌ఫోన్ కొనేవాళ్లకు ఇంకో మాట చెప్పక తప్పదు. డాక్ విషయంలో కొలతల్ని నమ్మి కళ్లు మూసుకుని కొనొచ్చు. హెడ్‌ఫోన్‌కు ఎంత మంచి గ్రాఫ్ ఉన్నా చివరికి మీ తలకు పెట్టుకుని వినాల్సిందే. ఆంప్లిఫయర్, స్పీకర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. గొడవంతా అక్కడే.

ముందు డాక్ సంగతి ముగిద్దాం. దాని శుభ్రతను చెప్పే అంకె సినాడ్. అది 100 డీబీ (డెసిబెల్) అంటే నాయిస్ (బుస), డిస్టార్షన్ (సిగ్నల్ రూపం చెడడం) రెండూ కలిపి సిగ్నల్‌కు 100 డీబీ కింద ఉన్నాయని. ఫ్యాన్ ఆపిన గదిలో కూడా రాత్రిపూట 30 డీబీ దాకా చప్పుడు ఉంటుంది. పాట పతాక స్థాయిలో 100 డీబీకి చేరినా, డాక్ తెచ్చే చెత్త 0 డీబీ దగ్గర, అంటే గది చప్పుడుకు చాలా కింద ఉండిపోతుంది. సినాడ్ 120 ఉంటే ఇంకో 20 డీబీ కిందకి పోతుంది, అంతే. ఆ తేడాకు డబ్బు పెట్టడం దండగ.

ఆంప్లిఫయర్ దగ్గర అలా కాదు. డబ్బా మీద టీహెచ్‌డీ (మొత్తం హార్మోనిక్ డిస్టార్షన్) 0.05 శాతం అని రాస్తారు. అది సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎక్కువ పవర్‌లో తీసిన అంకె. ఇంట్లో మనం ఎక్కువసేపు వినేది ఒక వాట్ కన్నా తక్కువలోనే. క్లాస్ ఏబీ ఆంప్‌లో తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకోటి మోస్తాయి. వాటిలో ఎప్పుడూ పారాల్సిన చిన్న కరెంటు (బయాస్) సరిగా లేకపోతే, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట పుట్టే క్రాసోవర్ డిస్టార్షన్ వాల్యూమ్ తగ్గేకొద్దీ సిగ్నల్‌తో పోలిస్తే పెరుగుతుంది. పైగా అది 5, 7, 9వ హార్మోనిక్స్‌గా (మూలస్వరానికి అన్ని రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు స్వరాలుగా), మూలస్వరానికి దూరంగా పడుతుంది కాబట్టి చెవి దాన్ని మరుగున పడేయలేదు. వాల్వ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) ఇచ్చే ఒక శాతం రెండో హార్మోనిక్ మాత్రం మూలస్వరం చాటున దాదాపు దాగిపోతుంది. అంకెలో పెద్దది వినికిడిలో చిన్నది, చిన్నది పెద్దది! అందుకే ఒక్క అంకె అడక్కండి. పవర్ మారుతుంటే డిస్టార్షన్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్, ఒక వాట్ దగ్గర హార్మోనిక్స్ విడివిడిగా కనబడే గ్రాఫ్, ఈ రెండూ చూడండి.

మూడోది ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ఆంప్ లోపలి నుంచే కరెంటుకు ఎదురయ్యే నిరోధం. స్పీకర్ ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి 4 నుంచి 20 ఓమ్‌ల దాకా ఊగుతుందనుకోండి. ఆంప్ ఔట్‌పుట్ 2 ఓమ్‌లు ఉంటే టోన్‌లో 2.7 డీబీ దాకా హెచ్చుతగ్గులు వస్తాయి. ఎవరికైనా వినబడే తేడా అది. 0.05 ఓమ్ ఉంటే 0.1 డీబీ కూడా రాదు. “వాల్వ్ మాధుర్యం” అని చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఇదే. మల్టీమీటర్‌తో తేల్చగలిగే సంగతి.

కొలతలు చెవిని పట్టుకోలేవని వాదించేవాళ్లకు నిజంగా బలమైన ఉదాహరణ ఒకటుంది. ఎంపీ3 తయారవుతున్న రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ జాన్‌స్టన్, కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ఒకే సంగీతానికి రెండు రకాల నాయిస్ కలిపి వినిపించారు. రెండింట్లోనూ సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 13 డీబీయే. అంతటా సమానంగా పరిచిన నాయిస్ బుసకొట్టినట్టు వినబడింది. సంగీతం చాటున దాక్కునేలా మలిచిన నాయిస్ దాదాపు వినబడలేదు. అయితే ఇక్కడ ఓడింది కొలత కాదు, చెవి తీరును లెక్కలోకి తీసుకోని అంకె. 1998లో వచ్చిన ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ప్రమాణం బీఎస్ 1387 ఆ మరుగుపడే గుణాన్నే లెక్కలోకి తెచ్చింది.

మరి చెవి? అదీ ఒక మీటరే, కాలిబ్రేషన్ లేనిది. అర డీబీ ఎక్కువ మోగిందాన్ని “ఎక్కువ వాల్యూమ్” అనదు, “ఎక్కువ స్పష్టత” అంటుంది. రెండు ఆంప్‌లు పోల్చాలంటే స్పీకర్ కనెక్ట్ చేసే ఉంచి, 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజ్ చూడండి. చవక మల్టీమీటర్లు కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, అందుకే 200. ఒకటి 2.00 వోల్టులు చూపితే రెండోది 0.02లోపు కలవాలి. తర్వాత ఏది మోగుతోందో తెలియకుండా 16 సార్లు మార్పించుకోండి. 12 సార్లు సరిగ్గా చెబితే అది ఊహ వల్ల జరిగే అవకాశం 4 శాతం లోపే. వినే పాట తుణకలు పది సెకన్లు మించకుండా ఉంచండి, స్వరం రంగు అంతకన్నా ఎక్కువసేపు గుర్తుండదు. చూస్తూ వింటే ఏమవుతుందో ఆడియో పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చూపించారు: స్పీకర్లు కంటికి కనబడగానే శ్రోతల మార్కులు మారిపోయాయి.

స్పీకర్‌ను కొలవడానికి సీటీఏ-2034 అనే ప్రామాణిక పద్ధతి ఉంది: అడ్డంగా, నిలువుగా పది డిగ్రీలకొకటి చొప్పున చుట్టూ తిప్పుతూ 70 కొలతలు. ఇలాంటి కొలతల నుంచి ఆలివ్ 2004లో కట్టిన సూత్రానికి, కళ్లకు కనబడకుండా విన్న శ్రోతల ఇష్టానికి మధ్య సహసంబంధం 0.86. నాకైతే ఇది ఏ షోరూమ్ డెమో కన్నా నమ్మదగినది. గ్రాఫ్ చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త: సన్నటి పొడవైన ముల్లు కంటిని గుచ్చుతుంది గానీ, చెవికి ఎక్కువగా తగిలేది వెడల్పాటి ఒకటి రెండు డీబీల గుబ్బ.

ఇంట్లో మైక్‌తో కొలిచేటప్పుడు జనం తరచూ దెబ్బతినేది ఇంకోచోట. మైక్ నేరుగా వచ్చే శబ్దాన్నీ గోడ నుంచి తిరిగొచ్చిందాన్నీ కలిపేస్తుంది. రెండు చెవులు, మెదడు కలిసి వాటిని చాలావరకు వేరుచేస్తాయి. కాబట్టి 300 హెర్ట్జ్ పైన గదిలో తీసిన గ్రాఫ్ చూసి ఈక్వలైజర్ తిప్పకండి. కింద మాత్రం మైక్‌దే పైచేయి. 12×10 అడుగుల గదిలో పొడవు వల్ల 47, వెడల్పు వల్ల 56 హెర్ట్జ్ దగ్గర బేస్ హోరెత్తుతుంది. కప్పు కూడా పది అడుగులే అయితే 56 దగ్గర రెండూ కలిసి ఇంకా రెచ్చిపోతుంది. కూర్చునే చోటు చుట్టూ ఆరు చోట్ల చెవి ఎత్తులో కొలిచి సగటు తీసి, గుట్టల్ని తగ్గించండి. గుంటల్ని నింపబోకండి: 10 డీబీ పెంచితే ఆంప్ పది రెట్లు పవర్ ఇవ్వాలి, దాన్ని కొట్టేసే ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది.

హెడ్‌ఫోన్ గ్రాఫ్‌ను 8 కిలోహెర్ట్జ్ దాకా లెక్కలోకి తీసుకోండి. అక్కడి నుంచి కృత్రిమ చెవికీ మీ చెవి డొప్పకూ పొంతన ఉండదు, కప్పు కాస్త జరిగినా గీత మారుతుంది. బేస్ కూడా మీ తలను బట్టే. కళ్లద్దాలు పెట్టుకుని 30 హెర్ట్జ్ టోన్ వింటూ కప్పుల్ని చేత్తో మెల్లగా ఒత్తి చూడండి. శబ్దం గట్టిగా పెరిగితే గాలి లీకవుతున్నట్టు. అప్పుడు ఆ గ్రాఫ్‌లో కనబడ్డ బేస్ మీకు అందదు. మెత్తటి ప్యాడ్లున్న మోడలో, సన్నటి కాడలున్న కళ్లజోడో చూసుకోవాలి.