బఫెలో బయూ పార్క్, హ్యూస్టన్: అమ్మానాన్నలు వస్తే ముందు ఇక్కడికి తీసుకెళ్లండి

హ్యూస్టన్‌కి ఇండియా నుంచి ఎవరొచ్చినా మనవాళ్లు నాసా చూపిస్తారు, పియర్‌లాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్తారు, ఆపైన మాల్స్. డౌన్‌టౌన్‌ని ఆనుకుని, షెపర్డ్ డ్రైవ్ నుంచి సబీన్ స్ట్రీట్ దాకా బఫెలో బయూ అనే ఏటి పొడవునా 160 ఎకరాల్లో ఉన్న ఈ పార్కు ఎవరికీ గుర్తు రాదు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఇదే, పైగా పార్కుకి టికెట్ కూడా లేదు.

నీళ్లు మాత్రం బురద రంగులో ఉంటాయి, గోదావరి గట్టున పెరిగినవాళ్లకి ఇదో కాలువలాగే అనిపిస్తుంది. ఇక్కడ చూడాల్సింది గట్టు. ఆలెన్ పార్క్‌వే మీద మాంట్రోజ్ దగ్గర స్పెయిన్ శిల్పి జాయుమె ప్లెన్సా చేసిన 'టాలరెన్స్' అనే శిల్పాల గుంపు ఉంది, మోకాళ్ల మీద కూర్చున్న ఏడుగురు మనుషులు, ఒళ్లంతా స్టీలు అక్షరాలే. దగ్గరికెళ్లి చూస్తే అక్షరాల సందుల్లోంచి అవతలి చెట్లు, కార్లు కనిపిస్తాయి, లోపలంతా ఖాళీ. చీకటి పడ్డాక లైట్లు వేస్తారు, అప్పుడు ఇంకా బాగుంటుంది. మ్యూజియంలోలా తాడు కట్టి దూరంగా నిలబెట్టలేదు, జాగింగ్ చేసేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు వాటి పక్కనుంచే పోతుంటారు, నాకు ఈ పార్కు నచ్చడానికి పెద్ద కారణం అదే.

అసలు సంగతి సిస్టర్న్. సబీన్ స్ట్రీట్ దగ్గర నేల కింద 1926లో కట్టిన మంచినీళ్ల రిజర్వాయర్ అది. ఎక్కడ కారుతోందో దొరకక వాడకం ఆపేశారు, కూల్చేయాలనే ఆలోచన కూడా జరిగింది, పార్కు పనుల్లో ఉన్నవాళ్లు 2010లో లోపల చూసి దాన్ని కాపాడారు, 2016లో జనానికి తెరిచారు. లోపల 221 కాంక్రీట్ స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు. అడుగున కొద్దిగా నీళ్లు ఉంచారు కాబట్టి స్తంభాల ప్రతిబింబం పడి లోతు రెట్టింపైనట్టు ఉంటుంది, మా నాన్న అయితే నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తేల్చుకోలేక రెయిలింగ్ పట్టుకుని వంగి మరీ చూశారు. గట్టిగా ఒక్క మాట అంటే ప్రతిధ్వని దాదాపు 17 సెకన్లు తిరుగుతుంది. కార్లోస్ క్రూస్-డియెస్ లాంటి పెద్ద కళాకారులు ఈ చీకటి కోసమే ప్రత్యేకంగా కళాకృతులు చేశారు, అలాంటి ప్రదర్శన నడుస్తున్నప్పుడు వెళ్లగలిగితే అదృష్టమే.

సాయంత్రం వెళ్తే వా (Waugh) బ్రిడ్జి దగ్గర ఆగండి, వాతావరణం వెచ్చగా ఉంటే సూర్యాస్తమయానికి కింద నుంచి గబ్బిలాలు గుంపులు గుంపులుగా లేస్తాయి. వాసన ఉంటుంది, ముక్కు మూసుకునైనా చూడాల్సిందే. డౌన్‌టౌన్‌లో ప్రెస్టన్ స్ట్రీట్ వంతెన మీద ఇటుక స్తంభంలో ఒక ఎర్ర బటన్ ఉంది, నొక్కితే ఏట్లోంచి పెద్ద బుడగ పైకి వస్తుంది, పిల్లలు ఉంటే అక్కడికీ వెళ్లండి.

పెద్ద వాన పడ్డ వెంటనే మాత్రం వద్దు. ఈ ఏరు ఊరి వరదని మోసేది, 2017లో హార్వీ తుపానుకి పార్కంతా మునిగి దారుల మీద ఒండ్రు పేరుకుపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు కూడా పెద్దవాళ్లతో వెళ్లొద్దు. సిస్టర్న్‌కి మాత్రం ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోండి, మరీ చిన్నపిల్లలు ఉంటే లోపలికి రానిస్తారో లేదో అక్కడే చూసుకోండి.