నట్లిన్-3ఎ: సీసా మంచిదే, ముందు మీ కణాల సంగతి చూసుకోండి

క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రోటీన్ పీ53 మీద పనిచేసే ల్యాబులో ఫ్రీజర్ తెరిస్తే ఏదో మూల నట్లిన్ ట్యూబు ఉంటుంది. న్యూజెర్సీలోని నట్లీలో రోష్ పరిశోధకులు తయారుచేసి 2004లో వెల్లడించిన అణువు ఇది, పేరూ ఆ ఊరిదే. రోగులకిచ్చే మందు కాదు, పరిశోధనకు వాడే రసాయనం. పనితనానికి వంక పెట్టలేం. వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం కొన్నవాళ్ల పొరపాట్లే.

మామూలు కణంలో పీ53 తయారవుతూనే ఉంటుంది, ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే చీటీ తగిలించి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కు పంపేస్తూనే ఉంటుంది. అందుకే దాని అర్ధాయువు అరగంట లోపే. ఎండీఎం2 మీద ఒక గుంట ఉంది. పీ53లోని 19వ ఫినైల్‌అలనిన్, 23వ ట్రిప్టోఫాన్, 26వ ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు వెళ్లి అందులో ఇముడుతాయి. నట్లిన్ ఆ మూడు చోట్లనూ ముందే ఆక్రమిస్తుంది. దాంతో డీఎన్‌ఏ తెగకుండానే పీ53 పేరుకుంటుంది. డీఎన్‌ఏను దెబ్బతీసే క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌తోనూ పీ53 పెరుగుతుంది కానీ, డీఎన్‌ఏ దెబ్బతిన్నాక వచ్చే నానా గొడవా కలిసి వస్తుంది. తేడా తెలియాలంటే రెండింటినీ పక్కపక్కన వెస్టర్న్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను బ్యాండుగా చూపే పరీక్ష) చేసి, పీ53లో 15వ సెరీన్‌కు ఫాస్ఫేట్ తగులుకోవడం (ఫాస్ఫరిలేషన్) చూడండి. డాక్సోరూబిసిన్ లేన్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నట్లిన్ లేన్‌లో మొత్తం పీ53తో పోల్చితే పెద్దగా ఉండదు.

కొనేటప్పుడు లేబుల్ చూడాలి. ఉత్త ‘నట్లిన్-3’ అని ఉంటే అది రేసెమిక్, అంటే సగం పనికొచ్చేది, సగం దండగ. పనిచేసే రూపం 3ఎ. దాని అద్దం ప్రతిబింబమైన 3బి సుమారు 150 రెట్లు బలహీనం, కాబట్టి నెగటివ్ కంట్రోల్‌గా అంతకంటే మంచిది దొరకదు. రేసెమిక్ చవగ్గా వస్తుంది. కొన్నారంటే మోతాదు రెట్టింపు వేయాల్సి వస్తుందని గుర్తుంచుకోండి, పేపర్లో ఏది వాడారో రాయండి.

అణుభారం 581.5. 5 మిల్లీగ్రాముల పొడిని 860 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి. ఒకే ట్యూబును పదిసార్లు కరిగించి గడ్డ కట్టిస్తే డీఎంఎస్‌ఓ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మందు అడుగున పేరుకుంటుంది. వెయ్యి రెట్లు పలచన చేస్తే 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. స్టాక్‌ను చల్లటి మీడియంలో వేస్తే తెల్లటి పొగలా విరుగుతుంది. 37 డిగ్రీల మీడియంలో కలిపి వెంటనే తిప్పండి. మందు వేయని కంట్రోల్ గుంటల్లోనూ అంతే డీఎంఎస్‌ఓ ఉండాలి.

ఇక అసలు చిక్కు కణాలది. పీ53 మామూలుగా ఉన్న క్యాన్సర్ కణ వరుసలు హెచ్‌సీటీ116, యూ2ఓఎస్, ఎంసీఎఫ్-7, ఎస్‌జేఎస్‌ఏ-1లలో పనిచేస్తుంది. పీ53 లేని సావోస్-2, హెచ్1299లలోనూ, అది మార్పు చెందిన హెచ్‌టీ-29లోనూ ఎంత పోసినా వృథా. హీలా కణాల సంగతి వేరు: అక్కడ పీ53ను కూల్చేది ఎండీఎం2 కాదు, పాపిలోమా వైరస్ ఈ6 ప్రోటీన్. ఎండీఎం2కు చుట్టమై, పీ53ను అణచే ఎండీఎంఎక్స్ ప్రోటీన్ ఎక్కువున్న కణాలూ లొంగవు, నట్లిన్ దాన్ని సరిగా పట్టుకోలేదు.

వెస్టర్న్‌లో పీ53తోపాటు ఎండీఎం2 కూడా పెరిగేసరికి చాలామంది కంగారుపడతారు. కంగారెందుకు? ఎండీఎం2 జన్యువును నడిపేది పీ53యే. తనను చంపేవాణ్ని తనే పోషిస్తుందన్నమాట. 90 కిలోడాల్టన్ల దగ్గర ఆ బ్యాండ్, 21 దగ్గర పీ53 నడిపే, కణ విభజన ఆపే పీ21 రెండూ పెరిగితేనే మందు పనిచేసినట్టు. పీ53 కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కణచక్రం ఆగిందో లేదో 24 గంటలకు చూడండి.

ఎండీఎం2, పీ53 విడిపోయాయని కో-ఐపీతో (ఒక ప్రోటీన్‌ను యాంటీబాడీతో లాగి, దానికి అంటుకున్నది చూసే పద్ధతితో) చూపాలనుకునేవాళ్లు డీఓ-1 యాంటీబాడీ జోలికి పోకండి. అది అతుక్కునేది 20 నుంచి 25 వరకున్న అమైనో ఆమ్లాల దగ్గరే, అంటే ఎండీఎం2 కూర్చునే చోటే. మందు వేయకున్నా రెండూ విడిపోయినట్టే కనిపిస్తాయి.

బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే ఎంటీటీ పరీక్షలో రీడింగ్ సగానికి పడగానే కణాలు చచ్చాయని రాసేయకండి. హెచ్‌సీటీ116 ఎక్కువగా చావదు, విభజన ఆపి కూర్చుంటుంది. మందు కడిగేస్తే పీ53 త్వరగా దిగిపోతుంది, చాలా కణాలు మళ్లీ పెరుగుతాయి. చావు చూపాలంటే ఎండీఎం2 కాపీలు ఎక్కువున్న ఎస్‌జేఎస్‌ఏ-1 తీసుకుని అనెక్సిన్ పరీక్ష చేయండి. డాక్సోరూబిసిన్‌తో కలిపి వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: మందుల్ని కణం బయటికి తోసేసే పీ-గ్లైకోప్రోటీన్ పంపునూ నట్లిన్ అడ్డుకుంటుంది. కలిపి ఇస్తే బాగా పనిచేసిందంటే అది పీ53 వల్లేనా అన్నది పీ53 లేని కణాల్లో సరిచూడాలి.

ఎలుకలకైతే ఇది కొనొద్దు. 2004 నాటి ప్రయోగంలో కిలోకు 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 20 రోజులు నోటి ద్వారా ఇచ్చారు. 25 గ్రాముల ఎలుక ఒక్కదానికే 200 మిల్లీగ్రాములు ఖర్చు, పది ఎలుకలకు 2 గ్రాములు. అదే కుదురు నుంచి వచ్చిన ఇడాసానట్లిన్ చాలా తక్కువ మోతాదులో పనిచేస్తుంది. రోగుల్లో మాత్రం దాని కథ వేరే. తీవ్ర మైలాయిడ్ లుకేమియాలో మూడో దశ పరీక్షలో ఆయుష్షు పెంచలేకపోయింది. ఆరోగ్యంగా ఉన్న మూలుగలోనూ పీ53 లేస్తుంది కాబట్టి ఈ జాతి మందులన్నిటికీ ప్లేట్‌లెట్లు పడిపోవడం పెద్ద తలనొప్పి. ఎలుకల ప్రయోగంలోనూ రక్తకణాల లెక్క తప్పకుండా తీయండి. అయితే నట్లిన్ వర్గం మానవ ఎండీఎం2కు కుదిరినంతగా ఎలుక ఎండీఎం2కు కుదరదు, అందుకే ఎలుకలో లెక్క బాగుందని నిశ్చింతగా ఉండటానికి లేదు.