ఫ్లోట్ అన్న మాటతో ఒక నిఘంటువు పరీక్ష

విజయవాడ లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల దుకాణంలో 150 రూపాయలకు కొన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును నెల రోజులుగా వాడుతున్నాను. ఏ నిఘంటువునైనా ఒక చిన్న మాటతో పరీక్షించడం నా అలవాటు కాబట్టి ముందుగా 'ఫ్లోట్' తీశాను. గాలానికి కట్టే బెండు, ట్యాంకు నిండేకొద్దీ పైకి లేచి నీటి ధారను ఆపే బంతి, ఊరేగింపు శకటం, ఇవన్నీ ఉన్నాయి.

వ్యుత్పత్తి భాగమే దీని ప్రాణం. పాత ఇంగ్లీషు క్రియ 'ఫ్లోటియన్' నుంచి ఈ మాట వచ్చిందనీ, ఆ భాషలో 'ఫ్లోటా' అంటే ఓడ అనీ, మన సంస్కృత ధాతువు 'ప్లు' కూడా అదే కుదురుకు చెందినదనీ నాలుగు వరుసల్లో చెప్పారు. తెప్పను ప్లవమనడం, భౌతికశాస్త్ర పాఠంలో ఉత్ప్లవనం అనడం ఆ ధాతువు వల్లనే. దసరాకు కృష్ణలో జరిగే తెప్పోత్సవం గుర్తొచ్చి ఎంతో సంతోషించాను.

లోపాలూ ఉన్నాయి. క్రియకు మొదటి అర్థంగా ఒట్టి 'తేలు' అని వేయడంతో, ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు కుట్టే తేలనుకుంది. 'నీటిపై తేలుట' అని ఉండవలసింది. 1993లో రూపాయి మారకం విలువను మార్కెట్‌కు వదిలినప్పటి నుంచి పత్రికల్లో కనిపించే ఆర్థికార్థం అసలే లేదు. కుట్టు కూడా సడలింది కనుక, పాత ప్రతి కొనేవారు పుటలన్నీ ఉన్నాయో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.