నెల్లూరు ఎండలో రెజిన్ ప్రింటర్: మూడేళ్లు వాడాక

మూడేళ్ల కిందట నాకో ఒంగోలు గిత్త కావలసొచ్చింది. నిజంది కాదు, బొటనవేలంత బొమ్మ. ఆదివారం సాయంత్రాలు మేం అయిదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, తలా ఒక పాత్ర తీసుకుని కథ నడిపించే ఆట. కథంతా మనూళ్లలో జరిగేట్టు మార్చుకున్నాం కాబట్టి బండికి కట్టడానికి గుర్రం పనికిరాదు. ఆన్‌లైన్‌లో తోడేళ్లున్నాయి, అస్థిపంజరాలున్నాయి, డ్రాగన్లయితే ఎన్ని కావాలంటే అన్ని. మూపురమున్న ఎద్దు మాత్రం ఒక్కటీ దొరకలేదు. నేను త్రీడీ ప్రింటర్ కొన్నది అందుకే.

అప్పట్నుంచి ఆరొందల దాకా బొమ్మలు తీశాను, ఆరు సీసాల రెజిన్ (వెలుగు తగిలితే గట్టిపడే ద్రవం) ఖాళీ అయింది. తెలిసినవాళ్లలో కొనాలనుకుంటున్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి, అనుభవంలో తేలింది తేలినట్టు రాస్తున్నాను.

నా దగ్గర రెండు మెషీన్లున్నాయి. మొదట కొన్నది రెజిన్ ప్రింటర్, రూ.22,000. ఏడాది తర్వాత ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోసే ఫిలమెంట్ ప్రింటర్, రూ.18,000. బొమ్మలకు మాత్రం మొదటిదే. ఫిలమెంట్ ప్రింటర్‌కు మామూలుగా వచ్చే నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లుండే మనిషికి కన్ను, ముక్కు, మీసం దాంతో తేవడం కష్టం. రెజిన్ ప్రింటర్ పద్ధతి వేరు. తొట్టి అడుగున ఎల్‌సీడీ తెర, దాని కింద ఊదా వెలుగిచ్చే 405 నానోమీటర్ల దీపాలు. తెర మీద ఏ ఆకారం తెరుచుకుంటే అంతమేర ద్రవం గట్టిపడుతుంది. ఒక్కో పొర 0.05 మిల్లీమీటర్లు. సపోర్టులతో (బొమ్మను మోసే సన్నటి పుల్లలు) కలిపి 40 మిల్లీమీటర్ల ఎత్తంటే 800 పొరలు, నా సెట్టింగుల్లో రెండు గంటలు. బొమ్మ అంటుకుని పెరిగే ప్లేట్ మీద ఒక సైనికుణ్ణి పెట్టినా ఎనిమిది మందిని పెట్టినా అదే రెండు గంటలు, టైం ఎత్తును బట్టే. చిన్న సైన్యాలు తీసుకునేవాళ్లకు ఇది పెద్ద వరం.

గిత్త బొమ్మను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నేనే చేసుకున్నాను. ఫొటోల కోసం వెతుకుతుంటే బ్రెజిల్ నుంచి కుప్పలు తెప్పలుగా వచ్చాయి. మన ఒంగోలు జాతి పశువులు ఎప్పుడో సముద్రం దాటి, అక్కడ ‘నెలోర్’ అనే పేరుతో స్థిరపడ్డాయి. మన ఊరి పేరే. అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు అలా దొరికాయి. మొదటి ప్రింటు తీసి, ఒంగోలు దగ్గర ఊళ్లో పశువుల్ని పెంచిన మా పెదనాన్నకు చూపించాను. కళ్లద్దాలు పైకి నెట్టి, బొమ్మను కిటికీ వైపు తిప్పి పట్టుకుని చాలాసేపు చూశారు. “మూపురం వెనక్కి జారిపోయింది. ముందుకాళ్లకు సరిగ్గా పైన ఉండాలి. కొమ్ములు ఇంత సన్నగా ఉంటాయా? మొదట్లో లావు, పొట్టి. గంగడోలుకి మడతలేవీ?” అన్నారు. నాలుగుసార్లు మార్చాను. నాలుగోదాన్ని చూసి ఏమీ అనలేదు, చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయారు. నాకోసం ఇంకోటి తీసుకున్నాను.

ఆ గంగడోలు దగ్గరే అసలు పని నేర్చుకున్నాను. గాల్లో వేలాడే భాగం కాబట్టి కింద సపోర్టులు చాలా పడతాయి. ప్రింటయ్యాక బొమ్మను ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) మెత్తటి బ్రష్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, చెయ్యి ఓర్చుకునేంత వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచితే సపోర్టులు మెత్తబడి, చిక్కుడుకాయకు ఈనె లాగినట్టు వచ్చేస్తాయి. పూర్తిగా గట్టిపడడానికి యూవీ (అతినీలలోహిత) వెలుగు కింద పెట్టడం ఆ తర్వాతే. ముందే గట్టిపరిస్తే ఒక్కో సపోర్టు ఊడేటప్పుడు చిన్న పెచ్చు పట్టుకుపోతుంది. నా మొదటి గిత్త మెడంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలే. ఇంకో సంగతి, ఈటెలు, కత్తుల్లాంటివి అసలు కొలతకు తగ్గట్టు సన్నగా చేస్తే నిలవవు. 0.4 మిల్లీమీటర్ల ఈటె చెయ్యి తగిలితే పుటుక్కుమంటుంది. నేనిప్పుడు ఒక మిల్లీమీటరుకు తగ్గనివ్వను, మామూలు రెజిన్‌లో అయిదోవంతు విరగని రకం కలుపుతాను. ఆటలో చెయ్యి జారి కింద పడినా చాలావరకు తట్టుకుంటున్నాయి.

ఇక మన ఎండ సంగతి. రెజిన్‌కు 25 నుంచి 30 డిగ్రీలు బాగుంటుంది. చలి దేశాల్లో దాన్ని వెచ్చబెట్టడానికి హీటర్లు కొంటారట, మనకా ఖర్చు లేదు. కానీ రోహిణి కార్తెలో మేడమీది గదిలో రెజిన్ నీళ్లలా పలచబడుతుంది. పొరకు 2.5 సెకన్ల వెలుగు ఇచ్చేదాన్ని 2.2కి తగ్గిస్తే గానీ ముఖాల్లో గీతలు పూడిపోకుండా ఉండవు. ఆ నెలలో గ్లవ్స్ వేసుకున్న అయిదు నిమిషాలకే చేతులు చెమటతో నానిపోతాయి. ఒకరోజు విసుగొచ్చి గ్లవ్స్ లేకుండా కడిగేశాను. మర్నాటికి వేళ్ల సందుల్లో ఎర్రటి దద్దుర్లు, వారం పట్టింది తగ్గడానికి. గట్టిపడని రెజిన్ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. ఇందులో రాజీ వద్దు. నైట్రైల్ గ్లవ్స్, కార్బన్ ఫిల్టరున్న మాస్కు, తెరిచిన కిటికీ. మామూలు బట్ట మాస్కు ఈ వాసనను ఆపదు. పిల్లలు తిరిగే గదిలో, వంటింట్లో పెట్టే ఆలోచన ఉంటే దయచేసి కొనొద్దు.

కిటికీ అన్నాను గానీ, అది పడమటి కిటికీ కాకూడదు. ఒక మధ్యాహ్నం ప్రింటర్ మూత తీసి పక్కనపెట్టి భోజనానికి దిగాను. పైకొచ్చేసరికి ఎండ తొట్టిలో పడి, రెజిన్ మీద అప్పచ్చిలా గట్టి పొర కట్టింది. అదే ఎండ కడిగిన బొమ్మలకు మాత్రం మేలు చేస్తుంది, అటూ ఇటూ తిప్పుతూ పది పదిహేను నిమిషాలు పెడితే చాలు, యూవీ పెట్టె లేకుండానే నడిచిపోతుంది. పొద్దస్తమానం వదిలేస్తే పసుపెక్కి పెళుసవుతాయి.

కరెంటు పోతే ఫిలమెంట్ ప్రింటర్ ఆగినచోటు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. నా రెజిన్ ప్రింటర్‌కు ఆ సదుపాయం లేదు. రెండు నెలలు టెన్షన్ పడి, చివరికి కంప్యూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ తగిలించాను. ఇది తక్కువ కరెంటు తాగే మెషీన్, పావుగంట కోతను సులువుగా దాటేస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు వానలు కాబట్టి అప్పుడు ఫిలమెంట్ చెమ్మ పీల్చుకుని నాజిల్ దగ్గర చిటపటలాడుతుంది. మూత గట్టిగా పట్టే బియ్యం డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను.

నాకు బాగా నష్టమైంది ఒక్కసారే. సగంలో ఊడిపోయిన ప్రింటు ముక్క తొట్టి అడుగున అంటుకుని ఉంటే చూసుకోకుండా ఇంకో ప్రింటు మొదలుపెట్టాను. ప్లేట్ దిగి ముక్కను నొక్కింది, అడుగున పల్చటి ఫిల్మ్ చిరిగింది, రెజిన్ కారి తెర మీద గట్టిపడింది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడానికే వారం పట్టింది, వారంటీ వర్తించదన్నారు. కొత్త తెరకు రూ.4,500, మూడు వారాలు. అప్పట్నుంచి ప్రింటు చెడిన ప్రతిసారీ రెజిన్ వడగట్టి, తొట్టి అడుగు వేలితో తడిమి చూశాకే మళ్లీ మొదలు.

వాడేసిన ఐపీఏను, నీళ్లతో కడిగే రకం రెజిన్ అయితే ఆ నీళ్లను కూడా, కాలవలో పోయకండి. చేపలకు, రొయ్యలకు విషం. చుట్టూ గుంటలున్న జిల్లా మనది. పారదర్శకమైన సీసాలో ఎండకు పెడితే మడ్డి గట్టిపడి అడుక్కి దిగుతుంది, పై తేట మళ్లీ కడగడానికి వస్తుంది.

ఇన్ని తిప్పలు ఎందుకు పడుతున్నానంటే ఉదయగిరి కోసం. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గెలిచిన కథను మేం బల్ల మీద ఆడుకుంటాం. కొండ, ప్రాకారం ఫిలమెంట్ ప్రింటర్‌లో తీశాను, రాతి గోడకు పొరల గీతలు ఇబ్బంది కాదు, అందమే. మే నెలలో ఒక బురుజును కారులో మర్చిపోతే మాత్రం పక్కకి ఒరిగిపోయింది, ఆ ఫిలమెంట్ పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. రాయలు అక్కణ్ణుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లారు కదా, ఆ విగ్రహాన్ని కొండ దించినవాళ్లదే గెలుపని రూలు పెట్టి, బొమ్మ కూడా తయారుచేశాను. అమ్మ చూసింది. “దేవుణ్ణి బల్ల మీద అటూ ఇటూ తోసి ఆడతారా?” అంది. నిజమే అనిపించింది. విగ్రహం ఆమె పూజగదిలోకి వెళ్లింది, ఆటకు తెరలు దించిన పల్లకి ప్రింటు చేశాను.

లెక్కకొస్తే, ఒక సైనికుడికి తొమ్మిది మిల్లీలీటర్ల రెజిన్, అంటే రూ.20. ఐపీఏ, గ్లవ్స్, ఫిల్ములు, చెడిపోయినవి కలిపితే రూ.35. చవగ్గా వస్తాయని మాత్రమే అయితే ఇది కొనకండి, కడగడం, గీకడం, రంగులేయడం ఒక్కో బొమ్మకు గంటకు పైనే తింటుంది. కొనుక్కున్న బొమ్మల డిజైన్ ఫైళ్లలో చాలావాటికి సొంత వాడకానికే అనుమతి, తీసి అమ్ముకుందామనీ అనుకోకండి. ఎక్కడా దొరకని బొమ్మ ఒకటి మీ మనసులో ఉంటే మాత్రం సంకోచించకండి. మా ఆటలో ఒకమ్మాయి గోచీ పోసిన చీరతో, చేతిలో బల్లెంతో ఉండే యోధురాలిని అడిగింది. మూడు రాత్రులు కూర్చుని చేసిచ్చాను, రెండేళ్లయినా ఆ అమ్మాయి ఇంకే బొమ్మతోనూ ఆడలేదు.

ఈ వారం ప్లేట్ మీద ఉన్నవి అమ్మవి. చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసి, చింతగింజలతో, గులకరాళ్లతో ఆడిన పులి-మేక ఆట. మూడు పులులు, పదిహేను మేకలు. మొదటి మేకను వేళ్ల మధ్య తిప్పి చూసి, కొమ్ములు తీసెయ్యమంది, ఎత్తేటప్పుడు గుచ్చుకుంటున్నాయట.