ఎస్‌డీఆర్ డాంగిల్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు గెయిన్ మెట్లు లెక్కపెట్టండి

కడపలో ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించి రేడియో సిగ్నళ్లు పట్టే చిన్న యూఎస్‌బీ పరికరం) కోసం వెతుకుతున్న అన్నలు, తమ్ముళ్లు ఇది చదివినాకే కొనండి. గెయిన్ అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, మెట్లంటే దాన్ని పెంచి దించే స్థాయిలు. నాకు 3,400 రూపాయలు, మూడు వారాలు పోయినాయి.

మన ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానాల సిగ్నళ్లు 1090 మెగాహెర్ట్జ్‌లో పట్టి చూడాలని మా తమ్ముని కొడుక్కు ఆశ. వాని కోసం ఊర్లోనే ఒక అంగట్లో 2,500 పెట్టి కొన్నా. డబ్బా మీద ఆర్820టీ2 ట్యూనర్ (కావాల్సిన ఫ్రీక్వెన్సీని పట్టే చిప్పు), 0.5 పీపీఎం క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో అర వంతు కంటే తప్పదని) అని అచ్చు వేసినారు. ఎఫ్ఎం బాగానే పలికింది. విమానం మాత్రం ఒక్కటీ పడలేదు. పోయి అడిగితే "గెయిన్ చాల్లేదన్నా, యాంప్లిఫయర్ తగిలించు" అని ఇంకో 900 రూపాయలది అంటగట్టినాడు.

అది బిగించినాక ఉన్నదీ పోయింది. నాయిస్ ఫ్లోర్, అంటే వెనకాల ఎప్పుడూ ఉండే గోల, పైకి లేచింది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఎఫ్ఎం పాటలు! అక్కడ ఎఫ్ఎం స్టేషనే ఉండదు.

ఈ డాంగిళ్లలో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీ 8 బిట్లే. పెద్ద సిగ్నల్‌కూ చిన్నదానికీ మధ్య దాదాపు 50 డెసిబెల్స్ (డీబీ) తేడా వరకే ఒకేసారి పట్టగలదు. పక్కింట్లో పెళ్లి మైకు మోగుతుంటే, అవ్వ మెల్లగా చెప్పే మాట వినాలని చెవి మిషన్ సౌండు పెంచితే ఏమైతుంది? మైకే ఇంకా గట్టిగా కొడుతుంది. ఎఫ్ఎం టవరుకు దగ్గరుండే ఇండ్లకు ఇదే బాధ. యాంప్లిఫయర్ ఎఫ్ఎంను కూడా అంతే పెంచుతుంది, ట్యూనర్ తట్టుకోలేక లేనిచోట దొంగ సిగ్నళ్లు పుట్టిస్తుంది. అక్కడ కావాల్సింది 88-108 మెగాహెర్ట్జ్‌ను ఆపే ఫిల్టర్, అదీ యాంప్లిఫయర్‌కు ముందు. దొంగ సిగ్నలా కాదా అని చూడాలంటే గెయిన్ ఒక మెట్టు దించండి. నిజమైనదైతే ఆ మెట్టు మేరకే తగ్గుతుంది, దొంగదైతే అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది.

అట్లా గెయిన్ దించబోతేనే అసలు మోసం బయటపడింది. డాంగిల్‌ను పరీక్షించే ఆర్‌టీఎల్ టెస్ట్ (rtl_test) ప్రోగ్రాం కంప్యూటర్‌లో నడిపితే ఆర్820టీ2కు 0 నుంచి 49.6 డీబీ దాకా 29 మెట్లు చూపించాలి. నాదానికి ఐదే: మైనస్ 9.9, మైనస్ 4, 7.1, 17.9, 19.2. ట్యూనర్ పేరు ఫిటిపవర్ ఎఫ్‌సీ0012. అది 948 మెగాహెర్ట్జ్ దాటి పోదు. ఇంక 1090 ఎట్లా పడుతుంది, ఎన్ని యాంప్లిఫయర్లు తగిలిస్తే మాత్రం! పిల్లోడు మిద్దె మీద యాంటెన్నా పట్టుకోని ఎండలో నిలబడిందంతా గుర్తొచ్చి కడుపు మండింది. 0.5 పీపీఎం మాట కూడా అబద్ధమే. హ్యామ్ (సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సున్న స్నేహితుడు 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే నా తెర మీద 8 కిలోహెర్ట్జ్ పక్కన కనబడినాడు, అంటే 55 పీపీఎం తేడా.

అంగట్లో "డబ్బా తెరిచినాక వాపసు లేదు" అన్నారు. బిల్లు, ఆ ఐదు మెట్ల స్క్రీన్‌షాట్ పెట్టుకోని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసినా, ఇంకా తేలలేదు. మీరు పోయేటప్పుడు ల్యాప్‌టాప్ తీస్కపోండి, అంగట్లోనే టెస్ట్ నడిపించండి. ఒప్పుకోకపోతే కొనొద్దు. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే డబ్బా తెరిచేది మొదలు మెట్లు చూసేదాకా వీడియో తీసి పెట్టుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రాత్రికే ఒకసారి చూసి, ఎన్ని మెట్లొచ్చినాయో కింద రాయండి. ఐదే వస్తే, వాపసు గడువు దాటకముందే కదలండి.