సింకు పక్కన ప్లగ్ పాయింటు: మూత మేలా, ఆర్‌సీసీబీ మేలా, దూరం మేలా?

మా వంటింట్లో సింకుకు జానెడు దూరంలో ఒక ప్లగ్ పాయింటు ఉండేది. గిన్నెలు కడుగుతూ, చేతులైనా తుడుచుకోకుండా కెటిల్ స్విచ్ వేసిన రోజులు ఎన్నో. ఏమైనా అయితే బోర్డులోని ఎంసీబీ (తీగల్లో కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్) పడిపోతుందిలే అన్న ధీమా. ఒకసారి లెక్క వేసుకున్నాక ఆ ధీమా పోయింది. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అదే 16 ఆంపియర్ల ఎంసీబీ కదలాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. అది కాపాడేది గోడలోని తీగలను, మనల్ని కాదు.

ఇక మిగిలినవాటిలో అందరికీ ముందు గుర్తొచ్చేది మూత. ఐపీ44 అని రాసి ఉన్న మూత ఎటునుంచి నీళ్లు చిందినా లోపలికి పోనివ్వదు. కానీ ప్లగ్ పెట్టాక మూసుకోని మూతలే ఎక్కువ. అప్పుడు అది అలంకారమే. పైగా తడి చేతికి, లోపల తీగ తెగి కరెంటు కారుతున్న వాషింగ్ మెషీన్‌కు మూత ఏం చేస్తుంది?

బోర్డులో బిగించే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పని తీరే వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని క్షణక్షణం పోల్చుకుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపు, 150 అయితే 0.04 సెకను లోపు సరఫరా తెంచేస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే మెషీన్‌లో లీకేజీ మొదలవగానే పడిపోతుంది. లేకపోతే మనం ముట్టుకున్నాకే. అందుకే ఎర్తింగ్ చూపించకుండా ఇది బిగించుకోవడం సగం పనే. కొనేటప్పుడు 300 మిల్లీ ఆంపియర్లు అని ఉన్నది తీసుకోకండి, అది నిప్పు ప్రమాదాల కోసం. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకున్న మనిషిని మాత్రం ఇదీ గుర్తించలేదు.

అమెరికాలో ఇదే పనిని ప్లగ్ పాయింటులోనే ఇమిడ్చారు. అక్కడి జీఎఫ్‌సీఐ 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెగుతుంది. ఆ పాయింటు ఒక్కటే ఆగుతుంది, ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుంది. బోర్డులో ఒకే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో కెటిల్ తప్పుకు ఇల్లంతా చీకటవుతుంది. ఫ్రిజ్‌కు వేరే లైను ఇస్తే ఆ బాధ ఉండదు.

దూరం సంగతికొస్తే, బ్రిటన్ నియమాల ప్రకారం స్నానాల గదిలో మామూలు సాకెట్ టబ్బు అంచుకు కనీసం 2.5 మీటర్ల అవతల ఉండాలి. చెడిపోయే భాగం లేని రక్షణ ఇదొక్కటే. కాకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగామంటే ఆ దూరమంతా వృథా.

నా ఓటు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి, తర్వాత దూరానికి, చివర్న మూతకు. మేమూ అదే వరసలో చేశాం. పాయింటు ఇప్పుడు ఎదురు గోడకు ఉంది. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కుతాను. పక్కింటివాళ్ల బోర్డులో ఆ బటన్ మీద దుమ్ము పేరుకుని ఉంటే తుడిచి నొక్కాం. నొక్కగానే కరెంటు పోవాలి, కానీ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని మార్చేశాడు.